జీవితకాలానికి ఒకటి

పదకొండేళ్ళ కిందట నా కడుపు మెడకి
ఒక సిలికాన్ పట్టీ కట్టారు.
ఇప్పుడది జారింది.
బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో
తాగుబోతు టోపీలా పక్కకి ఒరిగి ఉంది.
డాక్టరు పెన్సిల్‌తో గీత గీసి చూపించాడు:
"ఇలా ఉండాలి. ఇలా ఉంది."
అంతే. నాకర్థమైంది.
ఇన్సూరెన్సు వాళ్ళకి అర్థం కావడానికి మాత్రం
నలభై రెండు పేజీలు కావాలట.

మొదటి ఉత్తరం మంగళవారం వచ్చింది.
డులూత్ కొండ మీద మంచు. పోస్టుపెట్టె మూత గడ్డకట్టుకుపోతే
బూటు మడమతో కొట్టి తెరిచాను.
"ప్రియమైన మార్లిస్ హాగెన్,
బరువు తగ్గించే శస్త్రచికిత్స
జీవితకాలానికి ఒకటి మాత్రమే."
ఎవరి జీవితకాలమో రాయలేదు.
నాదా? పట్టీదా?
పట్టీది అయిపోయింది.
నాది ఇంకా బస్సు నడుపుతోంది.

అవును, స్కూలు బస్సు. ఇరవై ఏడో నంబరు.
పొద్దున్న అయిదింటికి, ఇంజను వేడెక్కేలోగా
ఒక్క ముక్క రొట్టె తింటాను.
అది దిగదు. అప్పులవాడు అరుగు మీద కూర్చున్నట్టు
గొంతు కింద కూర్చుంటుంది.
రెండో మలుపు దాటాక కాగితం గ్లాసులోకి తిరిగొచ్చేస్తుంది.
దిగేవి ఐస్‌క్రీమూ, పుడ్డింగూ, మెత్తటివీ, తియ్యటివీ.
అందుకే పోయిన బరువు
దారి గుర్తుపెట్టుకుని మరీ ఇల్లు చేరింది.
రాత్రుళ్ళు పడుకోను, వాలుకుర్చీలో కూర్చుంటాను.
నడుం వాలిస్తే పులుపు ముక్కుల్లోకి ఎగదన్నుతుంది.

రెండో ఉత్తరంలో "రోగి సూచనలు పాటించలేదు" అని ఉంది.
ఈ వాక్యం రాసినాయన
నా వంటింటి కాటా మీద నేను కోడిమాంసం
ఎనభై అయిదు గ్రాములు తూచడం చూశాడా?
డైటీషియన్ దగ్గరికి ఆర్నెల్లు తిరగాలన్నారు, తిరిగాను.
సంతకాలు అయిదే ఉన్నాయట.
ఫిబ్రవరిలో మంచు తుపానుకి క్లినిక్ మూసేశారు మరి.
మళ్ళీ మొదట్నుంచీ.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే,
ఈ పూజారికి ఫ్యాక్స్ నంబరు కూడా ఉంది,
ఎప్పుడు చేసినా బిజీ.

క్లినిక్‌లో కాగితాల పని చూసే రోవీనా
నా అప్పీలు చదివి ఎర్ర పెన్ను తీసింది.
"బరువు గురించి రాయకండి," అంది.
"ఏడ్చిన సంగతి రాయకండి.
సరస్సు ఒడ్డున మనవరాలి వెంట పరిగెత్తలేకపోయారు, నిజమే,
చదువుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి,
కానీ దానికి వాళ్ళ దగ్గర కోడ్ లేదు.
విరిగిన వస్తువు గురించి రాయండి.
కారు బాగుచెయ్యమన్నట్టు రాయండి."

ఆ రాత్రి వాలుకుర్చీలో
నన్ను నేను కొట్టేసుకుంటూ పోయాను.
మొదట సిగ్గు పోయింది. తర్వాత మనవరాలు.
తర్వాత "దయచేసి" అనే మాట, మూడు చోట్ల.
తెల్లారేసరికి నాలుగు పేజీలు ఒక పేజీ అయ్యాయి.
ఇంత తేలిగ్గా నేనెప్పుడూ తగ్గలేదు.

జవాబు ఏప్రిల్లో వచ్చింది.
పట్టీ తీసెయ్యడానికి ఒప్పుకున్నారు.
ఆ చోట బైపాస్ చెయ్యడానికి ఒప్పుకోలేదు.
పాత తలుపు ఊడబీకుతారు, కొత్తది బిగించరు,
చలిగాలి సంగతి నేను చూసుకోవాలి.
"సగం వచ్చింది కదా," అంది రోవీనా.
"సగం కడుపుతో బతకడం నాకు అలవాటే," అన్నాను.
ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ
రెండో అప్పీలు ఫారం పంపింది.

ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర.
స్కూలు గేటు ముందు ఇంజను ఆపి, ఫోను స్పీకర్లో పెట్టాను.
నలభై నిమిషాలుగా అదే పియానో ముక్క,
మధ్యలో ఒక గొంతు, నా ఫోను తమకెంతో ముఖ్యమని.
మొదట బస్సెక్కిన ఒట్టోకి ఏడేళ్ళు, ముందు పన్ను లేదు.
మెట్టు మీదే ఆగి కాసేపు విన్నాడు.
"ఎవరి కోసం చూస్తున్నావు?"
"మనిషి కోసం," అన్నాను.

వాడు రోజూ కూర్చునే చివరి సీటు వదిలేసి
నా వెనకే కూర్చున్నాడు,
మనిషి వస్తే చూద్దామని.